రెండు పర్మినెంట్లు

మా ఇంట్లో రెండు పర్మినెంట్లు పెండింగులో ఉన్నాయి. ఒకటి నాది, కెనడాలో. ఇంకొకటి మా బావది, వేంపల్లె దగ్గర మా ఊరి కరెంటు సబ్‌స్టేషన్‌లో. బావ అంటే నా మొగుడే. మేనమామ కొడుకు కాబట్టి పలక పట్టిన నాటి నుంచి బావా అని పిలిచాను. పెళ్లయ్యాక మార్చుకోవడానికి నోరు తిరగలేదు.

నేను కెనడాలో ఒక చిన్న టౌనులో ముసలివాళ్ల హోములో పని చేస్తాను. వాళ్లకు స్నానాలు చేయించడం, వేళకు మందులు ఇవ్వడం, దిండు కింద దాచుకుని మరిచిపోయిన కళ్లజోడు వెతికిపెట్టడం నా పని. ఉన్నది వర్క్ పర్మిట్ మీద. పర్మినెంట్ రెసిడెన్సీకి అప్లికేషన్ పెట్టి చాలా కాలమైంది. అది వస్తే ఈ దేశంలో ఉండిపోవచ్చు, బావను వెంట తెచ్చుకోవచ్చు. బావ అక్కడ కాంట్రాక్టు మీద షిఫ్ట్ ఆపరేటర్. ఆయన్ను పర్మినెంట్ చేస్తారని నేను కాపురానికి వచ్చిన కొత్తలోనూ అన్నారు, ఇప్పుడూ అంటున్నారు. చేస్తే ఆయన ఆ ఊరు కదలడు. ఇద్దరం ఒక ఇంట్లో ఉండాలంటే ఈ రెండిట్లో ఒకటి చెడాలి. ఏది చెడాలో మా ఇద్దరికీ తెలియదు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఒకరి మొహం ఒకరం చూసుకుని వంట సంగతి మాట్లాడుకునేవాళ్లం.

కిందటి వేసవిలో నా అప్లికేషన్‌లో ఒక కదలిక వచ్చింది. భర్తకు వైద్య పరీక్ష చేయించి పంపమన్నారు. ఆయన నా వెంట వచ్చినా రాకపోయినా ఆ పరీక్ష మాత్రం జరగాల్సిందే, లేకపోతే నాది కూడా ఆగిపోతుంది. మాకు దగ్గరలో వాళ్లు ఒప్పుకునే ఆస్పత్రి బెంగళూరులో ఉంది. ఫోన్ చేసి చెప్పాను. "పోతాలే" అన్నాడు. మళ్లీ వారం చేశాను. "పోతాలే మే, పోనంటానా" అన్నాడు. మా వైపు పోతాలే అంటే పోతానని కాదు, పోనని కూడా కాదు. గడువు తరుముకొస్తోంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. హోములో బతిమాలి సెలవు తీసుకుని విమానం ఎక్కాను, మనిషిని చెవి పట్టుకుని బెంగళూరు తీసుకుపోదామని.

ఇంటికి చేరేసరికి మా అత్త వాకిట్లో నిలబడి ఉంది. మా అత్త చీనీతోటల్లో, అంటే బత్తాయి తోటల్లో, కాయలు కోసే ఆడకూలీల గుంపుకు పెద్ద. పది చెట్ల అవతల ఉన్న మనిషిని కూడా ఫోన్ లేకుండా పిలవగలదు. నన్ను పైనుంచి కిందికి చూసి, చిక్కిపోయావని నాలుగు తిట్లు తిట్టి, మంచినీళ్లిచ్చి, పక్కన కూర్చుని అడిగింది.

"అయిందా?"

"ఏంది అత్తా?"

"అదే, పర్మినెంటు."

"ఇంకా లేదు."

"అయితాదిలే. అయినంక ఊరకుండొద్దు, ట్రాన్స్‌ఫర్ పెట్టుకో. కడపకు ఇయ్యకపోయినా రాయచోటికన్నా ఇస్తారు. మొగుడూపెండ్లాలు చెరొక తావ ఉంటే ముందు వాళ్లకే ఇస్తారంట, టీచరమ్మ చెప్పింది."

ఎగతాళి చేస్తోందనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు. ఎదురింటి ఆమె కూడా గడప మీద కూర్చుని, రాయచోటి అయితే శానా దూరం, పులివెందుల పెట్టుకోమని సలహా చెప్పింది. వీళ్లు ఇన్నాళ్లూ ఏమనుకుంటున్నారో అప్పటికి గాని నాకు ఎక్కలేదు.

మా ఊళ్లో పర్మినెంట్ అనే మాటకు ఒకటే అర్థం. కాంట్రాక్టు పంతులు పర్మినెంట్ అయితాడు, కండక్టరు అయితాడు, లైన్‌మన్ అయితాడు. అయ్యాక వాణ్ణి ఎవరూ తీసేయలేరు. సెలవులు, ట్రాన్స్‌ఫర్లు, అన్నీ దాని వెనకాలే వస్తాయి. నేను ఫోన్‌లో పర్మినెంట్ కోసం ఎదురుచూస్తున్నాను అన్న ప్రతిసారీ, మా అత్త చెవికి అది "ఇంటికి వచ్చేదానికి ఎదురుచూస్తున్నాను" అని వినబడింది. ఊరంతటికీ అట్లాగే చెప్పుకుంది. ఎంత సంతోషంగా చెప్పుకుందో, విన్నవాళ్లందరూ నన్ను చూసి మెచ్చుకోలుగా తలూపుతున్నారు.

తప్పు దిద్దాలని చూశాను.

"అత్తా, అది పని పర్మినెంటు కాదు. ఆ దేశంలో ఉండేదానికి పర్మినెంటు."

"ఉండకుండా పని ఎట్ల చేస్తావు?"

"అట్ల కాదు. ఎప్పటికీ ఆడనే ఉండచ్చని."

"రిటైరయ్యేదాకానా?"

"ఆ తర్వాత కూడా."

"రిటైరైనంక ఆడ ఏం పని?" అంది. సంగటి చల్లారిపోతోంది తిను అని లేచి పోయింది.

బావ డ్యూటీ దిగి వచ్చాక లోపలికి పిలిచి అడిగాను, మీ అమ్మకు నువ్వన్నా చెప్పలేదేమి అని. చొక్కా కొక్కేనికి తగిలిస్తూ, "ఏమని చెప్పేది?" అన్నాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నాను. "నీది కదా పర్మినెంటు, నువ్వే చెప్పు" అన్నాడు. చెప్పేదేముంది, నీ కొడుకును కూడా తీసుకుపోతాను, మేమిద్దరం ఇక రాము అని చెప్పాలి. ఆ వాక్యం లోపల కూర్చుకున్నప్పుడే నాకు నమ్మకం కలగలేదు. మేము రామా? నిజంగానా?

మరుసటి రోజు మధ్యాహ్నం క్యారియర్ తీసుకుని సబ్‌స్టేషన్‌కు పోయాను. కంకర పరిచిన ఆవరణలో ట్రాన్స్‌ఫార్మర్లు హుమ్మని ఒకటే మోత. లోపల బావ, ఒక కుర్చీ, గోడ పొడవునా స్విచ్చుల బీరువాలు, రైతుల పిలుపులతో నిమిషం ఊరుకోని ఫోను.

"ఏమప్పా, బోర్లకు త్రీఫేజు కరెంటు ఎప్పుడిస్తావు? చెట్లు వాడిపోతాండాయి."

"ఇంగ కొంచేపు ఉండన్నా. లైను మీద మనిషి ఉండాడు."

"నిన్న కూడా అదే అంటివి."

"నిన్న కూడా మనిషే కదన్నా ఎక్కింది, కోతి కాదు."

అవతలి మనిషి నవ్వడం నాకు కూడా వినబడింది. స్తంభం ఎక్కినవాడు దిగి వచ్చి, తన నోటితో దిగినానని చెప్పేదాకా బావ స్విచ్ ముట్టడు, కుర్చీ వదలడు. అన్నం కూడా ఆ మనిషి వచ్చాకే తిన్నాడు. ఈలోగా ఎన్ని ఫోన్లొచ్చాయో. గొంతు వినగానే ఎవరో, ఎవరి తోటో, బోరులో నీళ్లు ఏపాటివో ఆయనకు తెలుసు. ఇంటి దగ్గర నోట్లో నాలుక లేనట్టుండే మనిషి అక్కడ ఒక్కొక్కరికి ఒక్కో సమాధానం చెబుతున్నాడు. నేను గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాను. ముచ్చటేసింది, భయమూ వేసింది.

మా టౌనుకు భార్యల వెంట వచ్చిన మొగుళ్లను నేను చూశాను. మన దేశంలో ఏదో ఒక పనిలో పేరున్నవాళ్లే. కెనడాకు వచ్చాక కొన్ని నెలలు కిటికీ దగ్గర నిలబడి మంచు చూస్తారు. తర్వాత ఎక్కడో గోదాములో పెట్టెలు సర్దే పనికి పోతారు. అదేం తప్పు పని కాదు, నేను చేసేదీ అలాంటిదే. కానీ వాళ్లు మాట్లాడటం తగ్గిపోతుంది. బావ ఆ కిటికీ దగ్గర ఎలా ఉంటాడో ఊహించుకోవాలని చూశాను, రాలేదు.

"ఆడ కూడా కరెంటు పనులుంటాయి బావా" అన్నాను.

"ఉంటాయి. ఆడ నాకు ఫోన్ ఎవరు చేస్తారు?" అని నవ్వి క్యారియర్ మూత తీశాడు.

"బెంగళూరుకు ఎప్పుడు పోదాం?"

"ఈ వారం వద్దు. పర్మినెంటు చేసేదానికి ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకొని రమ్మంటారంట, ఏ పొద్దైనా. ఇప్పుడు లీవు పెడితే మన పేరు గల్లంతే."

నాకు ఒళ్లు మండింది. "ఎన్నేండ్ల నుంచి రమ్మంటాండారు బావా వాళ్లు?"

"నీదెన్నేండ్ల నుంచి ప్రాసెస్‌లో ఉండాది?"

కరెంటు ఆఫీసువాళ్లూ కెనడావాళ్లూ ఒకే బడిలో చదువుకున్నట్టు మాట్లాడతారు.

ఆదివారం గుడికి పోయాం. మాది ముత్తాతల నాటి నుంచి క్రైస్తవ కుటుంబం. గుడి చిన్నదే గాని పాతది, గోడలు మందం, ఎండాకాలం కూడా లోపల చల్లగా ఉంటుంది. పాటలయ్యాక పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు చెప్పడం మొదలుపెట్టారు. మోకాళ్ల నొప్పులు, పరీక్ష తప్పిన పిల్లలు, తప్పిపోయిన బర్రె. ఆ తర్వాత మావి వచ్చాయి.

"ప్రభువా, ఈ కుటుంబాన్ని జ్ఞాపకం చేసుకో తండ్రీ. పరాయి దేశంలో కష్టపడుతున్న బిడ్డకు అక్కడ పర్మినెంటును, ఆమె భర్తకు ఇక్కడ పర్మినెంటును త్వరగా దయచేయి తండ్రీ."

గుడి మొత్తం ఆమెన్ అంది. అందరికంటే గట్టిగా మా అత్త అంది. నాకు అనాలో వద్దో తెలియలేదు. పక్కవరసలో మగవాళ్ల వైపు చూస్తే బావ తలవంచుకుని, కళ్లు మూసుకుని ఆమెన్ అంటున్నాడు. ఏ పర్మినెంటుకు అంటున్నాడో మొహం చూస్తే తెలియడం లేదు. చివరికి నేనూ అన్నాను, నీళ్లు నమిలినట్టు. దేవుడు ఆ పొద్దు పరధ్యానంగా ఉండి రెండూ ఒకేసారి ఇచ్చేస్తే మా కాపురం గంగలో కలిసినట్టేనని మధ్యలో నవ్వు కూడా వచ్చింది. పక్కనున్న అవ్వ నేను ఏడుస్తున్నాననుకుని వీపు నిమిరింది.

అందరూ పోయాక అయ్యగారి దగ్గరకు పోయాను.

"వందనాలయ్యగారూ. ఆ రెండూ వస్తే ఎట్లా?"

"రెండూ వస్తే మంచిదే కదమ్మా. ఇద్దరూ స్థిరపడతారు."

"స్థిరపడతాం. ఆయన ఈడ, నేను ఆడ."

ఆయనకు అర్థం కావడానికి కొంచెం పట్టింది. పాటల పుస్తకం చంకలో పెట్టుకుని, మా అత్త చెప్పిన ట్రాన్స్‌ఫర్ సంగతి అడిగారు. అట్లాంటిది లేదన్నాను. ఆయన గడ్డం గోక్కున్నారు. "అయితే వచ్చే వారం ఏది ఇయ్యమని అడగమంటావు, చెప్పు" అన్నారు. ఆయన నిజంగానే అడిగారు. చెబితే అట్లాగే ప్రార్థన చేసేవారు. నేను చెప్పుల్లో కాళ్లు దూర్చుకుంటూ, "మీ ఇష్టం అయ్యగారూ" అని వచ్చేశాను. ఇంటికి పోయేదాకా నన్ను నేను తిట్టుకున్నాను. నా కాపురం, ఆయన ఇష్టమేంది?

ఆ వారమంతా ఇంట్లో నాకూ బావకూ పొద్దున లేస్తే అదే గొడవ. నాతో కెనడాకు రా బావా అంటాను. చూద్దాంలే అంటాడు. నీకు నేనంటే లెక్క లేదు అంటాను. లెక్క లేకపోతే ఇన్నేండ్లు ఈడ ఒక్కణ్ణే ఎట్లుంటానంటాడు. అయితే రా అంటాను. మా అత్త రోటి దగ్గర చెనిక్కాయల ఊరుబిండి పచ్చడి నూరుతూ, ట్రాన్స్‌ఫర్ గురించి కొట్లాడుకుంటున్నామనుకుని, ఎవరో ఒకరు తగ్గండి అనేది.

అట్లాంటి రోజుల్లో ఒక పొద్దున బావ తెల్లచొక్కా వేసుకుని వచ్చి, "పా, బెంగళూరు పోదాం" అన్నాడు. షిఫ్టుకు ఇంకొకతన్ని ఒప్పించుకున్నాడట. ఎందుకు మనసు మార్చుకున్నావని అడగలేదు. అడిగితే మళ్లీ మారుతుందేమోనని భయం. పులివెందుల మీదుగా, కదిరి మీదుగా బస్సులో పోయి, ఆ రాత్రి మా చిన్నమ్మ కూతురి ఇంట్లో పడుకుని, తెల్లారి ఆస్పత్రికి చేరాం.

అక్కడ బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి మా మాట విని తెలుగులోనే పలకరించింది. పాస్‌పోర్టు చూసింది, ఫోటో తీసింది. కంప్యూటర్‌లో ఏదో నింపుతూ బావను అడిగింది.

"ఆమె ఒక్కరేనా వెళ్లేది, మీరు కూడానా?"

ఇంకా అనుకోలేదు అని చెప్పడానికి నేను నోరు తెరిచాను. బావ నాకంటే ముందే చెప్పాడు.

"నేనూ పోతాండా. ఇద్దరమూ."

ఆ అమ్మాయి ఒక మీట నొక్కి, లోపలికి పొమ్మని చేయి చూపింది. బావ లేచి పోయాడు. నేను కుర్చీలోనే ఉండిపోయాను. ఎగిరి గంతేయాలి కదా? అంత దూరం నుంచి వచ్చింది ఈ మాట కోసమే కదా? వచ్చిన నాటి నుంచి రా, రా అని ఆయన మీద పడి అరిచాను. ఆయన రానంటున్నాడు కాబట్టి అరవడం సులువైంది. తప్పు ఆయనది, బాధ నాది. ఇప్పుడు ఆయన వస్తానన్నాడు. ఆ కుర్చీ, ఆ ఫోన్లు, ఊళ్లో ఆ మర్యాద అన్నీ వదిలిపెట్టి వచ్చి, నా కిటికీ దగ్గర నిలబడతాడు. ఎందుకొచ్చానా అని ఒక్కసారి నిట్టూర్చినా అది నా మెడకే చుట్టుకుంటుంది.

ఇంకొకటి కూడా ఉంది, చెప్పడానికి నోరు రాదు. డ్యూటీ దిగి గదికి వచ్చి, ఎవరికీ వండాల్సిన పని లేక, టీ పెట్టుకుని, కాళ్లు చాపుకుని కూర్చుంటానే, ఆ గంట నాకు ఇష్టం. ఆ గంటలో బావ గుర్తుకొచ్చి ఏడ్చిన రోజులున్నాయి. గుర్తుకు రాని రోజులూ ఉన్నాయి. వాటిలో ఏవి ఎక్కువో నేనెప్పుడూ చూసుకోలేదు.

ఎక్స్‌రే తీయించుకుని చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. "ఊపిరి బిగబట్టమన్న్యారు. బిగబట్టినా. బాగుండాదంట" అన్నాడు. మెట్లు దిగుతుంటే ఫోన్ మోగింది. "నేను లేనన్నా ఈ పొద్దు. ఇంకో ఆయప్ప ఉండాడు, ఆయన్నడుగు" అని పెట్టేశాడు.

తిరుగు బస్సు కదిరి దాటింది. బయట ఎర్రనేల, దున్ని వాన కోసం వదిలేసిన చేన్లు. ఇక ఉండబట్టలేక నేనే కదిలించాను.

"బావా, అంత తొందరగా చెప్పేస్తివే ఆ పిల్లకు."

"నువ్వే కదా రమ్మంటాంటివి."

"మనసులో ఉండే చెప్పినావా?"

ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు మొహంలో. "నా మనసు సంగతి అట్లుండనీ. నేను రావాలని నీకుండాదా?"

ఇన్నాళ్లూ అరిచిన నోరే. ఒక్క మాట చెబితే చాలు. అదే సమయానికి కండక్టరు టికెట్లు చూపించమని వచ్చాడు. నేను సంచి ఒళ్లోకి లాక్కుని వెతకడం మొదలుపెట్టాను. మందుల డబ్బా తీశాను, తువ్వాలు తీశాను, చీనీకాయలు తీశాను. టికెట్లు బావ చొక్కా జేబులో ఉన్నాయని నాకు తెలుసు. ఆయన చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి జేబులోంచి తీసి కండక్టరుకు చూపించాడు.

"ఉండాది" అన్నాను, కండక్టరు ముందు సీటుకు పోయాక.

"ఊఁ" అన్నాడు బావ. వేంపల్లె దాకా నిద్రపోయాడు, లేదా కళ్లు మూసుకున్నాడు.

నేను తిరిగి వచ్చేశాను. పరీక్ష కాగితాలు అందాయని మెసేజ్ వచ్చింది, అప్లికేషన్ మాత్రం ఇంకా ప్రాసెస్‌లోనే ఉంది. బావది కూడా ఎక్కడి గొంగళి అక్కడే. ఆ ఒరిజినల్ సర్టిఫికెట్లు ఇంకా ఎవరూ అడగలేదు. అత్తకు అసలు సంగతి నేను చెప్పలేదు, బావ కూడా చెప్పలేదు.

మొన్న వీడియో కాల్ చేశాడు. ఎత్తి చూస్తే తల మీద ఉన్ని టోపీ, మెడకు మఫ్లరు. కడపకు పోయినప్పుడు కొన్నాడట. అక్కడ ఎండ మాడిపోతోంది, చెవుల పక్క నుంచి చెమట కారుతోంది. నాకు నవ్వాగలేదు.

"ఆడ చలికి ఇది చాలునా?" అన్నాడు.

"చాలదు బావా. అది మన ఊరి మంచుకు."

"అయితే ఇంకోటి చూస్తాలే. బూట్లు ఎట్లాంటివి తీసుకోవాల?"

"ఇప్పుడే ఏం కొనొద్దు."

"ఎందుకు?"

"ఇంకా రాలేదు కదా."

ఆయన టోపీ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. మఫ్లరుతో మొహం తుడుచుకున్నాడు. "వద్దంటే చెప్పుమే, నేనేమీ అనుకోను" అన్నాడు.

"వద్దని యాడ అన్నా బావా" అన్నాను. నిజమే, అనలేదు. రమ్మని కూడా అనలేకపోయాను.